తప్పిపోయిన కుక్క, పదిహేను అంకెలు

1923 ఆగస్టులో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, వాల్కాట్ అనే చిన్న ఊళ్ళో ఒక కుక్క తప్పిపోయింది. పేరు బాబీ. కోలీ జాతి రక్తం కలిసిన రెండేళ్ళ కుక్క. దాన్ని పెంచుకున్నవాళ్ళది ఎక్కడో పడమటి తీరాన, ఆరెగన్ రాష్ట్రంలోని సిల్వర్టన్. కారులో చుట్టాల ఇంటికి వస్తూ కుక్కనూ వెంట తెచ్చుకున్నారు. ఊరకుక్కలు మీద పడేసరికి బాబీ బెదిరి పరుగు తీసింది. ఎంత గాలించినా దొరకలేదు. చేసేది లేక వాళ్ళు తిరుగు ప్రయాణమయ్యారు. ఆరు నెలల తర్వాత, 1924 ఫిబ్రవరిలో, ఎముకల గూడులా మారి, అరికాళ్ళు అరిగిపోయిన బాబీ సిల్వర్టన్‌లో కనిపించింది. రెండు ఊళ్ళ మధ్య దూరం నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. నడుమ రాకీ పర్వతాలు, పైగా చలికాలం.

వార్త పత్రికలకెక్కింది. దాంతో దారి పొడవునా ఉన్న ఊళ్ళనుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. ఆ కుక్క మా ఇంటికి వచ్చింది, అన్నం పెట్టాం, రెండు రోజులుండి వెళ్ళిపోయింది అంటూ రాసినవాళ్ళు చాలామంది. ఆరెగన్ హ్యూమేన్ సొసైటీ ఆ ఉత్తరాలను దగ్గర పెట్టుకుని బాబీ నడిచిన దారిని గుర్తించింది.

ఈ కథను ఎవరు చెప్పినా కుక్క విశ్వాసం గురించే చెబుతారు. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళను మాత్రం ఎవరూ పట్టించుకోరు. దయగల మనుషులు, కుక్కకు తిండీ నీడా ఇచ్చినవాళ్ళు. అది ఎవరి కుక్కో మాత్రం పేపరు చూసేదాకా వాళ్ళకు తెలియలేదు. కుక్కకు తన ఇల్లు తెలుసు, మనుషులకు తెలియదు. తప్పిపోయిన కుక్కల విషయంలో అసలు చిక్కు ఎప్పుడూ ఇక్కడే. దీన్ని విప్పడానికి మనిషి కనిపెట్టిన సాధనాలు ఏమిటి, అవి ఎలా పనిచేస్తాయి, ఎక్కడ తెగిపోతాయి అన్నదే ఈ అధ్యాయం.

ఇంటిదారి కుక్కకు ఎలా తెలుస్తుంది?

కుక్క వచ్చిన దారి వాసన పట్టుకుని వెనక్కి వెళుతుందని అందరూ అనుకునేదే. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. చెక్ రిపబ్లిక్ పరిశోధకులు 27 వేటకుక్కల మెడలకు జీపీఎస్ పరికరాలు కట్టి అడవుల్లో వదిలారు. ఆరు వందలకు పైగా ప్రయాణాలను నమోదు చేసి 2020లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 59 శాతం ప్రయాణాల్లో కుక్కలు వెళ్ళిన దారినే, తమ అడుగుజాడల వాసన పట్టుకునే తిరిగొచ్చాయి. సుమారు 33 శాతం ప్రయాణాల్లో మాత్రం కొత్త దారి పట్టాయి. మిగిలినవాటిలో కొంత పాత దారి, కొంత కొత్త దారి.

ఆశ్చర్యం కలిగించింది ఆ కొత్త దారి పట్టిన కుక్కలే. వెనక్కి తిరిగే ముందు వాటిలో చాలా భాగం ఉత్తర దక్షిణ దిశగా ఇరవై మీటర్ల దాకా ఒక చిన్న పరుగు తీశాయి. యజమాని ఏ దిక్కున ఉన్నా ఈ పరుగు మాత్రం అదే గీత వెంట సాగింది. అలా పరుగు తీసినవి తీయనివాటికంటే తిన్నగా, తక్కువ దూరంలో యజమానిని చేరుకున్నాయి. భూమి అయస్కాంత క్షేత్రంతో తమ మనసులోని పటాన్ని సరిచూసుకోవడానికే కుక్కలు ఇలా చేస్తుండవచ్చని పరిశోధకుల ఊహ.

అయితే అవి అడవికి అలవాటుపడిన, శిక్షణ పొందిన, భయం లేని కుక్కలు. వెళ్ళింది కూడా ఇంచుమించు కిలోమీటరు దూరం. దీపావళి రాత్రి లక్ష్మీబాంబు చప్పుడుకు గేటు దూకిన అపార్టుమెంటు కుక్క సంగతి వేరు. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల దాకా వినగలిగితే కుక్క చెవి సుమారు 45,000 దాకా వినగలదు. మనకు వినపడని ఈలలూ కీచుమోతలూ కూడా దానికి వినపడతాయి. ప్రాణభయంతో పరుగెత్తే జంతువుకు వచ్చిన దారి గుర్తుపెట్టుకునే తీరిక ఉండదు. ఆగేసరికి తెలియని వీధి, ఆ వీధిని తమదిగా కాచుకునే వేరే కుక్కలు. బాబీ కథ వందేళ్ళు నిలిచిందంటే అలాంటివి అరుదు గనకే.

దొరికినవి ఎలా దొరికాయి?

తప్పిపోయిన కుక్కలు ఎలా దొరుకుతున్నాయో లెక్క తీసినవాళ్ళున్నారు. ఒహైయో రాష్ట్రంలోని మాంట్‌గామరీ కౌంటీలో కుక్కలు పోగొట్టుకున్న 187 మంది వివరాలతో 2007లో ఒక అధ్యయనం వెలువడింది. 132 కుక్కలు, అంటే 71 శాతం దొరికాయి. వాటిలో సగం రెండు రోజుల్లోపే దొరికాయి. జంతు సంరక్షణ సంస్థలకు ఫోన్ చేసో వెళ్ళి చూసో తెచ్చుకున్నవి దాదాపు 35 శాతం. లైసెన్సు బిళ్ళ వల్ల ఇల్లు చేరినవి 18 శాతం. వీధుల్లో అంటించిన కాగితాల వల్ల దొరికినవి 15 శాతం. పోయిన కుక్కల్లో ఏదో ఒక గుర్తింపు ఉన్నవి సగానికి కాస్త తక్కువే.

2012లో వెయ్యికి పైగా అమెరికన్ కుటుంబాలను ఫోన్‌లో ప్రశ్నించి చేసిన మరో అధ్యయనంలో, పోయిన కుక్కల్లో 93 శాతం తిరిగి దొరికాయని తేలింది. రెంటిలోనూ మనుషుల్ని ఎంచుకున్న తీరు వేరు కాబట్టి ఆ శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. రెండో అధ్యయనంలో గమనించవలసింది వేరే ఉంది. దొరికినవాటిలో సుమారు సగం చుట్టుపక్కల వీధులు వెతికితే దొరికాయి. ఐదో వంతు వాటంతట అవే తిరిగొచ్చాయి. సుమారు 15 శాతం మెడలో బిళ్ళ వల్లనో ఒంట్లో చిప్ వల్లనో ఇల్లు చేరాయి.

ఆ 15 శాతం చూసి గుర్తింపుకు పెద్ద విలువ లేదనుకుంటే పొరపాటు. దగ్గర్లో తిరుగుతున్న కుక్కను యజమాని కాళ్ళే వెతికి పట్టుకుంటాయి. యజమాని కాళ్ళు చేరలేని చోట, కుక్క ఇంకొకరి చేతిలో పడినప్పుడు, పనికొచ్చేది గుర్తింపు ఒక్కటే.

చూపును నమ్మితే

మా కుక్కను ఎక్కడున్నా గుర్తుపడతాం అని పెంచేవాళ్ళు ధీమాగా అంటారు. వాళ్ళు గుర్తుపడతారు, సందేహం లేదు. గుర్తుపట్టవలసినవాడు మాత్రం ఆ కుక్కను ఎన్నడూ చూడని మనిషి. అతనికి అది ఒట్టి గోధుమరంగు కుక్క. 2009లో కాలిఫోర్నియాలో, దిక్కులేని జంతువులను ఉంచే షెల్టర్ల నుంచి పెంపకానికి తెచ్చుకున్న 20 సంకరజాతి కుక్కల మీద ఒక పరీక్ష చేశారు. ఫలానా జాతి కలిసిందని షెల్టరు సిబ్బంది రాసిపెట్టిన కుక్కల్లో 87.5 శాతం విషయంలో, రాసిన జాతుల పట్టిక డీఎన్ఏ పరీక్షతో పూర్తిగా సరిపోలేదు. రోజూ కుక్కల మధ్య తిరిగేవాళ్ళ అంచనాయే ఇలా ఉంటే, తోవన పోయేవాడు చెప్పే ఆనవాళ్ళను ఎంతని నమ్మగలం?

కంటిచూపు చాలదని పశువుల కాపరులకు ఏనాడో తెలుసు. మహాభారతం అరణ్యపర్వంలో దుర్యోధనుడు ఘోషయాత్రకు బయలుదేరింది ఆలమందలను లెక్కపెట్టించి, దూడలకు గుర్తులు వేయించాలన్న నెపంతోనే. వాతలు, చెవి కత్తిరింపులు, పచ్చబొట్లు అన్నీ ఆ అవసరంలోంచి పుట్టినవే. ఈనాడు మన పల్లెల్లో ఆవుల చెవులకు వేలాడే పసుపుపచ్చ బిళ్ళ మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. పశు ఆధార్ అంటున్నది దాన్నే. టీకాలు, ఈతలు, పాలదిగుబడి వివరాలు ఆ సంఖ్య కిందే నమోదవుతాయి.

కుక్కకు తేలికైన గుర్తింపు బెల్టుకు తగిలించే బిళ్ళ. కుక్క పేరు, ఫోన్ నంబరు చెక్కి ఉంటే చాలు, చదువు వచ్చిన ఎవరైనా ఫోన్ చేయగలరు. ఏ యంత్రమూ అక్కర్లేదు. ఇంగ్లండులో 1992 నుంచి బహిరంగ స్థలంలో తిరిగే కుక్క మెడపట్టీ మీద యజమాని పేరు, చిరునామా ఉండాలని చట్టమే చెబుతోంది. బిళ్ళకున్న లోపమల్లా ఒక్కటే, ఊడిపోతుంది. బెల్టు తెగవచ్చు, స్నానానికి తీసి మళ్ళీ పెట్టడం మరిచిపోవచ్చు, దొంగిలించినవాడు మొదట తీసి పారేసేది దాన్నే.

బియ్యపు గింజంత రేడియో

ఊడిపోని గుర్తు కావాలనే ఆలోచన మైక్రోచిప్‌కు దారి తీసింది. దీని పొడవు సుమారు 12 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. పొడుగు బాస్మతి బియ్యపు గింజను తలపించే గాజు గొట్టం. లోపల ఫెరైట్ కడ్డీ చుట్టూ సన్నటి రాగితీగ చుట్ట, ఒక కెపాసిటర్, ఒక సిలికాన్ చిప్ ఉంటాయి. బ్యాటరీ ఉండదు. పశువైద్యులు లావుపాటి సూదితో దీన్ని కుక్క భుజాల మధ్య చర్మం కిందికి ఎక్కిస్తారు. మామూలు ఇంజక్షన్‌కంటే కాస్త ఎక్కువ నొప్పి, మత్తు అక్కర్లేదు.

బ్యాటరీ లేనిది ఎలా పనిచేస్తుంది? మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి ఆధారం. మారుతున్న అయస్కాంత క్షేత్రంలో తీగచుట్టను ఉంచితే అందులో కరెంటు పుడుతుంది. చిప్‌ను చదివే స్కానర్ మీట నొక్కగానే దాని లోపలి తీగచుట్ట సెకనుకు 1,34,200 ఆవృత్తులతో మారే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. ఆ క్షేత్రం కుక్క చర్మాన్నీ కండనూ దాటి గాజు గొట్టంలోని తీగచుట్టను చేరి, సిలికాన్ చిప్ మేల్కొనడానికి చాలినంత కరెంటు పుట్టిస్తుంది. మేల్కొన్న చిప్ తన సంఖ్యకు తగినట్టు ఆ క్షేత్రంలోంచి తాను లాక్కునే శక్తిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ చిన్న ఒడుదొడుకులనే స్కానర్ పసిగట్టి అంకెలుగా తెర మీద చూపుతుంది. సందేశం మొత్తం 128 బిట్లు. చిప్ దాన్ని ఒకసారి చెప్పడానికి సెకనులో ముప్పయ్యో వంతు చాలు. స్కానర్ దూరం జరగగానే మళ్ళీ నిద్రలోకి జారుతుంది. అరిగేది గానీ ఛార్జి అయిపోయేది గానీ లేదు కాబట్టి కుక్క జీవితకాలమంతా పనిచేస్తుంది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టే చిప్ చేయలేని పనేమిటో కూడా తెలుస్తుంది. కుక్క ఎక్కడుందో అది చెప్పలేదు. స్కానర్ కొన్ని సెంటీమీటర్ల దగ్గరికి వస్తే తప్ప దానికి గొంతు లేదు. కుక్క జాడ చెప్పేవి మెడకు కట్టే జీపీఎస్ పరికరాలు. అవి ఉపగ్రహాల సంకేతాలతో తామున్న చోటు లెక్కగట్టుకుని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా మన ఫోనుకు పంపుతాయి. వాటికి సిమ్ కావాలి, ఛార్జింగ్ కావాలి, ముఖ్యంగా అవి మెడలోంచి ఊడిపోకుండా ఉండాలి.

చిప్ చెప్పే సంఖ్యలో పదిహేను అంకెలుంటాయి. దాని అమరికను ఐఎస్ఓ 11784, అది మాట్లాడే తీరును ఐఎస్ఓ 11785 అనే అంతర్జాతీయ ప్రమాణాలు నిర్ణయిస్తాయి. మొదటి మూడు అంకెలు దేశానివి గానీ తయారీదారువి గానీ. భారతదేశానిది 356, తయారీదారుల కోడ్‌లు తొమ్మిదితో మొదలవుతాయి. మిగతా పన్నెండు అంకెలకు 38 బిట్ల చోటుంది. అంటే ఒక్కొక్క కోడ్ కింద 27 వేల కోట్లకు పైగా వేర్వేరు సంఖ్యలు ఇవ్వవచ్చు.

ప్రమాణం ఎందుకంత ముఖ్యమో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ చాలాకాలం 125 కిలోహెర్ట్జ్ చిప్‌లే ఎక్కువగా వాడారు. వాటికోసం చేసిన స్కానర్లకు ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం 134.2 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 1,34,200 ఆవృత్తులతో పనిచేసే చిప్ కనిపించదు. 2004లో వర్జీనియాలో ఒక షెల్టరుకు చేరిన కుక్క ఒంట్లో చిప్ ఉంది. అక్కడి స్కానర్‌కు అది అందలేదు. యజమాని ఎవరూ లేరనుకుని ఆ కుక్కను చంపేశారు. అన్ని రకాలనూ చదివే స్కానర్లు కావాలన్న డిమాండు ఆ తర్వాత బలపడింది.

చదివేవాడి ఓపికా ముఖ్యమే. చిప్ చర్మం కింద కాస్త జరిగి భుజం దగ్గరికో పక్కలోకో చేరవచ్చు. స్కానర్‌ను ఒకసారి వీపు మీద తిప్పి లేదనేస్తే సరిపోదు. ఇనుప గొలుసు తీసి, మెడ, భుజాలు, ముందుకాళ్ళ దాకా నిదానంగా, అటూ ఇటూ వంపులు తిప్పుతూ వెతకాలి. ఏటా టీకా వేయించేటప్పుడు చిప్ స్కానర్‌కు అందుతోందో లేదో ఒకసారి చూపించుకోవడం మంచిది.

అంకె వెనక మనిషి

చిప్‌లో యజమాని పేరు ఉండదు, ఫోన్ నంబరు ఉండదు. ఉన్నది ఒట్టి సంఖ్య. ఆ సంఖ్యను మనిషితో కలిపేది ఎక్కడో ఒక కంప్యూటర్లో ఉన్న నమోదు. ఆ నమోదు లేకపోతే పదిహేను అంకెలూ ఉత్తవే.

దీన్ని లెక్కలతో చూపింది 2009లో ఒహైయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన లిండా లార్డ్ బృందం. 23 రాష్ట్రాల్లోని 53 షెల్టర్లకు చేరిన, చిప్ ఉన్న 7,704 జంతువుల వివరాలను వాళ్ళు సేకరించారు. ఆ షెల్టర్లకు వచ్చిన తప్పిపోయిన కుక్కలన్నిటినీ కలిపి చూస్తే ఇల్లు చేరినవి 21.9 శాతం. చిప్ ఉన్న కుక్కల్లో 52.2 శాతం. పిల్లుల్లో తేడా మరీ ఎక్కువ, 1.8 శాతం ఎక్కడ, 38.5 శాతం ఎక్కడ! ఈ తేడా అంతా చిప్ మహిమే అనలేం. డబ్బు పెట్టి చిప్ వేయించేవాళ్ళు వెతకడంలోనూ శ్రద్ధగా ఉంటారు. ఆ మేరకు తగ్గించి చూసినా తేడా చిన్నది కాదు.

అదే అధ్యయనంలో రెండో సంగతి ఇంకా విలువైనది. చిప్ ఉండి కూడా ఇల్లు చేరనివి ఎందుకు చేరలేదు? చిప్ పాడవడం వల్ల కాదు. యజమానులు దొరకని సందర్భాల్లో 35.4 శాతం, నమోదులో ఉన్న ఫోన్ నంబరు తప్పుదో పనిచేయనిదో కావడం వల్ల. 24.3 శాతం, కబురు పెట్టినా యజమాని తిరిగి ఫోన్ చేయకపోవడం వల్ల. 17.2 శాతంలో నమోదు తయారీదారు దగ్గర కాక వేరే రిజిస్ట్రీలో ఉంది. 9.8 శాతంలో అసలు నమోదే లేదు. మొత్తం చిప్‌లలో రిజిస్టర్ అయినవి 58.1 శాతమే. ఫారడే సూత్రం ఎక్కడా తప్పలేదు. తప్పింది మనుషుల చిరునామా.

ఇంగ్లండులో 2016 ఏప్రిల్ 6 నుంచి ఎనిమిది వారాలు దాటిన ప్రతి కుక్కకూ చిప్ తప్పనిసరి. అక్కడి చట్టం చిప్ వేయించడంతో ఆగలేదు. నమోదు వివరాలను ఎప్పటికప్పుడు సరిచేయడమూ కుక్కను ఉంచుకున్నవారి బాధ్యతే అంది.

మన వీధుల్లో

మన నగరాల్లో తప్పిపోయిన కుక్కకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఇక్కడి వీధుల్లో కుక్కలు ఎటూ ఉంటాయి. ఒంటరిగా తిరిగే కుక్కను చూసి తప్పిపోయిందేమోనని ఎవరికీ తట్టదు. జాతికుక్క అయితే ఎవరో ఒకరు ఆగి చూస్తారు. నాటుకుక్కను తెచ్చి పెంచుకున్నవారికి ఆ వెసులుబాటు లేదు. వీధిలో దాన్ని పెంపుడు కుక్కగా నిలబెట్టేది మెడలోని బెల్టే. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషను చేశాక, గుర్తుగా చెవి కొద్దిగా కత్తిరిస్తారు. ఆ గుర్తు ఆపరేషను అయిందని చెబుతుందే తప్ప ఇల్లు చెప్పదు.

హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో పెంపుడు కుక్కకు మున్సిపల్ లైసెన్సు తీసుకోవాలన్న నిబంధన ఉంది. చెన్నై నగరపాలక సంస్థ 2025లో లైసెన్సుకు మైక్రోచిప్‌ను జతచేసింది. అయితే దేశంలోని పెంపుడు కుక్కలన్నిటికీ కలిపి ఒకే రిజిస్ట్రీ లేదు. స్కానర్ లేని ఆసుపత్రులూ ఎన్నో. అందుకని మన దగ్గర చిప్ ఉన్నా బిళ్ళను మానకూడదు. చిప్ కుక్క ఎవరిదో రుజువు చేయడానికి, బిళ్ళ దారిన పోయే మనిషి ఫోన్ చేయడానికి.

కుక్కను వెంటబెట్టుకుని విదేశాలకు వెళ్ళే తెలుగు కుటుంబాలకైతే చిప్ ముందుగా చేయవలసిన పని. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలో అడుగుపెట్టే ప్రతి కుక్కకూ స్కానర్ చదవగలిగే చిప్ ఉండాలి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం కాబట్టి మన కుక్కలకు అదనపు పత్రాలు కావాలి. ఐరోపా సమాఖ్య దేశాలకు వెళ్ళాలంటే టీకా వేసిన కనీసం 30 రోజులకు రక్తపరీక్ష చేయించి, ఆ తర్వాత మూడు నెలలు ఆగాలి. రెండు చోట్లా చిప్ ముందు, రేబిస్ టీకా తర్వాత. ఈ వరస తప్పితే టీకా లెక్కలోకి రాదు. టీకా పత్రం మీద చిప్ సంఖ్య లేకపోతే ఆ టీకా ఈ కుక్కకే వేశారనడానికి ఆధారం ఏముంది?

పోయిన రోజున

కుక్క కనిపించకపోతే మొదటి గంటలు చుట్టుపక్కల వీధులకే ఇవ్వాలి. పార్కు చేసిన కార్ల కింద, మెట్ల కింద, కడుతున్న ఇళ్ళలో, మురుగుకాలువల పక్కన చూడాలి. భయపడిన కుక్క పిలిస్తే పలకకపోవచ్చు. కనిపించగానే వెంటపడితే ఇంకా దూరం పోతుంది. నేల మీద కూర్చుని, పక్కకు తిరిగి, మెల్లగా పేరు పెట్టి పిలవడం మేలు. ఇంట్లో ఒకరు ఉండి గేటు తెరిచి ఉంచాలి. తిరిగొచ్చే కుక్కకు మూసిన తలుపు ఎదురుకాకూడదు.

అదే సమయంలో ఇంకొకరు దగ్గర్లోని పశువైద్యశాలలకు, జంతు సంరక్షణ సంస్థలకు, మున్సిపాలిటీ వాళ్ళకు ఫోన్ చేయాలి. వీలైతే వెళ్ళి చూడాలి, ఎందుకంటే ఫోన్‌లో మనం చెప్పే పోలికలు అవతలి మనిషికి వేరేగా అర్థమవుతాయి. అంటించే కాగితం మీద పెద్ద ఫొటో, పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబరు చాలు. వాచ్‌మెన్‌కు, పాలు వేసేవాళ్ళకు, పేపరు కుర్రాళ్ళకు, చెత్తబండి వాళ్ళకు నేరుగా చెప్పాలి. తెల్లవారుజామున వీధులన్నీ చూసేది వాళ్ళే. కుక్క ఒంటి మీది గుర్తుల్లో ఒకదాన్ని మాత్రం ప్రకటనలో రాయకుండా ఉంచుకోవాలి. దొరికిందంటూ డబ్బు అడిగేవాణ్ణి ఆ గుర్తు చెప్పమంటే నిజమెంతో తేలిపోతుంది. కుక్క దొరికినవాళ్ళు కూడా, మాదేనంటూ వచ్చినవారిని అదే పద్ధతిలో అడగాలి. అప్పగించే ముందు స్కానర్ ఉన్న ఆసుపత్రిలో చిప్ చూపించడం ఇద్దరికీ క్షేమం.

ఇవన్నీ పోయిన తర్వాత చేసే పనులు. పోకముందు చేయవలసింది చాలా చిన్నది. బిళ్ళ మీద ఇప్పుడు వాడుతున్న నంబరే ఉందా? చిప్ వేయించినప్పుడు ఇచ్చిన కాగితం మీది సంఖ్య రిజిస్ట్రీలో మీ పేరు మీదే ఉందా? రెండో నంబరుగా ఇంకొకరిది ఇచ్చారా? ఇల్లు మారినా సిమ్ మారినా బ్యాంకుకు, గ్యాసు కంపెనీకి చెప్పే జాబితాలో కుక్క రిజిస్ట్రీని కూడా చేర్చుకోవాలి. ఆ మార్పు చేయడానికి పది నిమిషాలు పట్టదు. దాన్ని వాయిదా వేసిన ఇంటి కుక్క ఒంట్లో చిప్ ఉన్నా, దొరికినవాళ్ళకు అది ఎవరి కుక్కో తెలియదు.